గెట్ గుట్టు తెలిస్తే

'ఆబ్టెయిన్' అంటే ఏమిటని అడిగితే ఇంటర్ చదివే పిల్లలు తడుముకోకుండా చెప్తారు. 'అక్వైర్', 'అచీవ్', 'ప్రొక్యూర్' కూడా చాలామందికి కంఠతా వచ్చు. అదే పిల్లలు డిగ్రీ పూర్తయ్యాక ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తారు. చివర్లో అవతలివాళ్లు 'వి విల్ గెట్ బ్యాక్ టు యు' అంటే తల ఊపి బయటికొచ్చి, 'మళ్లీ రమ్మన్నారా, వాళ్లే వస్తామన్నారా?' అని పక్కవాళ్లను అడుగుతారు. ఏ సంగతో తర్వాత తెలియజేస్తామని దాని అర్థం. అందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. అన్నీ చిన్న తరగతుల్లో నేర్చుకున్నవే.

మన ఇంగ్లిష్ బెరుకు చాలావరకు పుట్టేది ఇక్కడే. పెద్ద పదాలను పాఠ్యపుస్తకాల్లో శ్రద్ధగా చదువుకున్నాం. వాటికి సాధారణంగా ఒకటో రెండో అర్థాలుంటాయి కనుక ఒకసారి నేర్చుకుంటే సరిపోతుంది. చిన్న క్రియల గురించి మనకు కూర్చోబెట్టి చెప్పినవాళ్లు తక్కువ. 'గెట్ అంటే పొందు' అని ఒక్క ముక్క రాయించి పాఠం ముందుకు జరిపేశారు. ఆ ఒక్క ముక్కను పట్టుకుని 'గెట్ అప్', 'గెట్ టైర్డ్', 'గెట్ లాస్ట్' దగ్గరికి వెళ్తే ఏదీ అతకదు. దాంతో తప్పు మన తెలివిలో ఉందనుకుని నోరు మూసుకుంటాం. తప్పు మన తెలివిది కాదు. మనకు ఆ క్రియను పరిచయం చేసిన తీరుది. అందుకే ఈ అధ్యాయం మొత్తం గెట్ ఒక్కదానికే కేటాయిస్తున్నాను.

ఒక్క క్రియకు ఇంత చోటు అవసరమా అనిపించవచ్చు. 1930లో సి. కె. ఆగ్డెన్ అనే ఇంగ్లండ్ పండితుడు ఇతర దేశాలవాళ్లు తేలిగ్గా నేర్చుకునేందుకు 'బేసిక్ ఇంగ్లిష్' అనే పద్ధతి తయారుచేశారు. మొత్తం 850 మాటలతో రోజువారీ అవసరాలన్నీ తీరాలన్నది ఆయన లక్ష్యం. అందులో క్రియలు 18 మాత్రమే. వేల క్రియల్ని పక్కన పెట్టిన ఆ మనిషి గెట్‌ను మాత్రం వదులుకోలేదు. 'రిసీవ్', 'అరైవ్', 'బికమ్', 'అండర్‌స్టాండ్' లాంటివి లేకపోయినా ఇలాంటి చిన్న క్రియలతో గడుస్తుందని ఆయన లెక్క. 1943లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ చర్చిల్ కూడా ఆ పద్ధతిని మెచ్చుకున్నారు. అయినా అది ప్రపంచమంతా పాకలేదు. చిన్న క్రియలను అటూ ఇటూ కలిపి వాడటం కొత్తవాళ్లకు పెద్ద పదాలకన్నా కష్టమని విమర్శకులు అన్నారు. ఆ విమర్శలో నిజముంది. కానీ మాట్లాడే ఇంగ్లిష్ బరువంతా ఏ మాటల మీద ఆనుకుని ఉందో ఆగ్డెన్ సరిగ్గానే పట్టుకున్నారు.

కూర్చుని అర్థాల పట్టిక బట్టీ పట్టడం మాత్రం వద్దు. పెద్ద నిఘంటువుల్లో గెట్ కింద అర్థాలు పేజీలకు పేజీలు సాగుతాయి. లండన్‌లో పుట్టిన పిల్లవాడు కూడా వాటిని అలా నేర్చుకోలేదు. మన 'వేయు' అనే క్రియను చూడండి. తలుపు వేస్తాం, లైటు వేస్తాం, దోసె వేస్తాం, ముగ్గు వేస్తాం. పొలంలో మిరప వేస్తాం, ఎన్నికల్లో ఓటు వేస్తాం, కోర్టులో కేసు వేస్తాం, గోడకు సున్నం వేస్తాం. చలి వేస్తుంది, భయం వేస్తుంది, ఆకలి వేస్తుంది. తలుపు వేయడమంటే మూయడం. లైటు వేయడమంటే వెలిగించడం. రెండూ ఎదురెదురు పనుల్లా ఉన్నా నాలుగేళ్ల పిల్ల కూడా ఎక్కడా తికమక పడదు. ఆ పిల్ల చూసేది 'వేయు' అన్న మాటను కాదు, దాని పక్కన నిలబడ్డ మాటను.

గెట్‌తోనూ అంతే. ఒక్క తేడా ఉంది, అదే మనల్ని ఇబ్బంది పెడుతుంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. తోడు మాట ముందే వచ్చేస్తుంది కాబట్టి 'వేయు' వినపడేసరికి అర్థం సిద్ధంగా ఉంటుంది. ఇంగ్లిష్‌లో గెట్ ముందు వచ్చేస్తుంది, తోడు మాట తర్వాత వస్తుంది. మన చెవి గెట్ దగ్గరే ఆగి 'పొందాడా? ఏం పొందాడు?' అని వెతుకుతుంటే అసలు మాట జారిపోతుంది. గెట్ విన్నప్పుడు దానికి అర్థం వెతక్కండి. తర్వాతి మాట కోసం చెవి పెట్టండి.

ఈ కిటుకును పుస్తకంలోకి ఎక్కించినవాళ్లలో ముఖ్యుడు ఎ. ఎస్. హార్న్‌బీ. ఆయన 1924 నుంచి జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పారు. జపనీస్‌లోనూ క్రియ తెలుగులో లాగే చివరికి వస్తుంది. ఏ క్రియ తర్వాత ఏ రకం మాటలు ఏ వరసలో రావచ్చో నమూనాలుగా విడదీసి ఆయన బృందం తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. అదే 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా వచ్చి, ఇవాళ మనం వాడే అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలమైంది. మీ దగ్గర ఆ పుస్తకముంటే గెట్ పేజీ తెరిచి, అర్థాలను వదిలేసి, ఉదాహరణ వాక్యాల్లో గెట్ తర్వాత ఏముందో మాత్రం చూసుకుంటూ వెళ్లండి. ఒక గంటలో మీకే వరసలు కనపడతాయి.

నేను ఆ వరసలను తెలుగు వైపు నుంచి చూపిస్తాను. గెట్ చేసే పనుల్లో ముఖ్యమైనవాటికి మన భాషలో తాళంచెవులు ముందే ఉన్నాయి.

నాకు వచ్చింది

మొదటిది చాలా తేలిక. గెట్ తర్వాత వస్తువు పేరో, మరో నామవాచకమో ఉంటే తెలుగులో 'నాకు వచ్చింది', 'నాకు దొరికింది' అని అనుకోండి. నాకు ఉత్తరం వచ్చింది, 'ఐ గాట్ ఎ లెటర్'. నాకు ఉద్యోగం వచ్చింది, 'ఐ గాట్ ఎ జాబ్'. టికెట్లు దొరికాయా, 'డిడ్ యు గెట్ ద టికెట్స్?' జలుబు చేసింది, 'ఐ గాట్ ఎ కోల్డ్'. మనం 'నాకు' అని మొదలుపెట్టే చోట ఇంగ్లిష్‌వాళ్లు 'ఐ' అని మొదలుపెట్టి గెట్ వాడతారు. నాకు అర్థమైంది కూడా ఇదే దారిలో 'ఐ గెట్ ఇట్', 'గాట్ ఇట్' అవుతుంది.

అయితే 'నాకు' ఉన్న ప్రతిచోటా గెట్ పెట్టకూడదు. 'నాకో డౌట్ వచ్చింది' అనే మాటను మనవాళ్లు 'ఐ గాట్ ఎ డౌట్' అంటారు. ఇతర దేశాలవాళ్లకు డౌట్ అంటే అపనమ్మకం. మీరు వాళ్ల మాట నమ్మలేదనుకుంటారు. 'ఐ హావ్ ఎ క్వశ్చన్' అంటే సరిపోతుంది. కల వచ్చిందనడానికి 'ఐ హాడ్ ఎ డ్రీమ్'. మరొకటి, 'ఐ డిడ్ నాట్ గెట్ యు'. హైదరాబాద్ ఆఫీసుల్లో రోజూ వినపడే మాట ఇది. మనలో మనకు ఇబ్బంది లేదు. బయటివాళ్లతో అయితే 'సారీ, ఐ డిడింట్ గెట్ దట్' అనండి. 'యు' అంటే మనిషే అంతుబట్టలేదన్నట్టు వినపడుతుంది, 'దట్' అంటే చెప్పిన మాట అందలేదని తెలుస్తుంది.

తడిసిపోయాను, ఇరుక్కుపోయాను

గెట్ తర్వాత వస్తువు కాకుండా ఒక స్థితిని చెప్పే మాట వస్తే అది మార్పును సూచిస్తుంది. 'ఐ యామ్ టైర్డ్' అంటే అలసటగా ఉన్నాను. 'ఐ గాట్ టైర్డ్' అంటే అలసిపోయాను. ఉండటానికి 'యామ్', మారడానికి గెట్. మన 'పోవు' ఇక్కడ ఎంత చక్కగా కుదురుతుందో చూడండి. తడిసిపోయాను, 'ఐ గాట్ వెట్'. ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం, 'వి గాట్ స్టక్ ఇన్ ట్రాఫిక్'. దారి తప్పిపోయాం, 'వి గాట్ లాస్ట్'. దొంగ దొరికిపోయాడు, 'ద థీఫ్ గాట్ కాట్'. మోసపోయాడు, 'హి గాట్ చీటెడ్'. మనం కోరని పని మనమీద జరిగినప్పుడు తెలుగువాడి నోట 'పోయాను' వస్తుంది, ఇంగ్లిష్‌వాడి నోట గెట్ వస్తుంది. వ్యాకరణ పుస్తకాల్లో కర్మణి ప్రయోగమని 'హి వాజ్ కాట్' నేర్పుతారు. అదీ సరైనదే. కబుర్లలో మాత్రం 'గాట్ కాట్' ఎక్కువ సహజంగా ఉంటుంది.

'పోవు' కుదరని చోట 'అవు', 'పడు' ఉన్నాయి. చీకటి పడుతోంది, 'ఇట్స్ గెటింగ్ డార్క్'. పెళ్లయింది, 'ఐ గాట్ మారీడ్'. ఎవరితో పెళ్లయిందో చెప్పాలంటే మన 'తో' గుర్తొచ్చి 'విత్' అనేస్తాం. అక్కడ 'టు' రావాలి. అలవాటు పడ్డాను, 'ఐ గాట్ యూజ్డ్ టు ఇట్'. రొట్టె తినడం అలవాటైంది అనాలంటే 'ఐ గాట్ యూజ్డ్ టు ఈటింగ్ రోటీ'. 'టు ఈట్' అనకూడదు.

ఇందులో మనవాళ్లు ఎక్కువగా జారే చోట్లు రెండు. కోపం తెలుగులో నామవాచకం కనుక 'నాకు కోపం వచ్చింది'ని 'ఐ గాట్ యాంగర్' అంటారు. ఇంగ్లిష్‌లో ఇక్కడ కోపంగా ఉన్న స్థితిని చెప్పే 'యాంగ్రీ' రావాలి, 'ఐ గాట్ యాంగ్రీ'. ఆకలి, నిద్ర కూడా అంతే: 'ఐ యామ్ గెటింగ్ హంగ్రీ', 'ఐ యామ్ గెటింగ్ స్లీపీ'. రెండోది 'ఐ యామ్ గెటింగ్ లేట్'. నాకు ఆలస్యమవుతోంది అనే మన వాక్యానికి ఇది నేరుగా వేసిన అచ్చు. బయటి దేశాల్లో 'ఇట్స్ గెటింగ్ లేట్' అంటారు, లేదా 'ఐ యామ్ రన్నింగ్ లేట్' అంటారు. మారడానికి గెట్ అన్నాను కదా అని డాక్టరయ్యాడు అనడానికి 'హి గాట్ ఎ డాక్టర్' అనకండి. డాక్టర్ని పిలుచుకొచ్చాడని అర్థం. చదివి డాక్టరవడానికి 'బికమ్' ఉంది.

చేయించు, కుట్టించు, పెట్టించు

గెట్ చేసే పనులన్నింటిలో మనవాళ్లు అతి తక్కువగా వాడేది ఇది. తెలుగువాళ్లు అతి త్వరగా నేర్చుకోగలిగిందీ ఇదే.

మంగలి దగ్గరికి వెళ్లొచ్చి మనం 'జుట్టు కత్తిరించుకున్నాను' అంటాం. కత్తెర ఎవరి చేతిలో ఉందో వినేవాడికి తెలుసు. దాన్నే 'ఐ కట్ మై హెయిర్' అంటే ఇంగ్లిష్‌వాడు మీరు అద్దం ముందు నిలబడి మీరే కత్తిరించుకున్నారనుకుంటాడు. 'ఐ రిపేర్డ్ మై బైక్' అంటే పానా పట్టుకుని మీరే బాగుచేశారన్నమాట. మన పనిని ఇంకొకరి చేత చేయించుకున్నామని చెప్పడానికి ఇంగ్లిష్‌లో గెట్ ఉంది, తెలుగులో 'ఇంచు' ఉంది. బట్టలు కుట్టించుకున్నాను, 'ఐ గాట్ మై క్లోత్స్ స్టిచ్డ్'. బండి బాగుచేయించాను, 'ఐ గాట్ మై బైక్ రిపేర్డ్'. రక్తపరీక్ష చేయించుకోండి, 'గెట్ యువర్ బ్లడ్ టెస్టెడ్'. ఇంటికి రంగులు వేయిస్తున్నాం, 'వి ఆర్ గెటింగ్ ద హౌస్ పెయింటెడ్'.

మాటల వరస ఇక్కడ ప్రాణం. గెట్, ఆ వెంటనే వస్తువు, ఆఖర్న జరిగిన పని. 'ఐ గాట్ రిపేర్డ్ మై బైక్', 'ఐ గాట్ కట్ మై హెయిర్' అని మనదేశమంతటా వినపడుతుంది. వస్తువు చివరికి జారిపోవడంతో వాక్యం చెడిపోయింది. ముందు వస్తువు పేరు చెప్పి, తర్వాత దానికేం జరిగిందో చెప్పాలి. నోటికి పట్టేదాకా బండి, జుట్టు, బట్టలు, ఇల్లు, ఆధార్ కార్డు, ఇలా ఒక్కో వస్తువు పెట్టి పైకి అనండి. 'ఐ గాట్ మై ఆధార్ అప్‌డేటెడ్.' 'ఐ గాట్ మై ఫోన్ ఫిక్స్‌డ్.'

పని చేసిపెట్టిన మనిషిని కూడా వాక్యంలోకి తేవాలంటే వరస కొంచెం మారుతుంది. మెకానిక్ చేత బండి బాగుచేయించాను, 'ఐ గాట్ ద మెకానిక్ టు ఫిక్స్ మై బైక్'. మనిషి వచ్చాడు కాబట్టి అతని తర్వాత 'టు' వచ్చింది. మేనేజర్ చేత సంతకం పెట్టించాను, 'ఐ గాట్ ద మేనేజర్ టు సైన్'. ఇదే చోట 'మేక్' వాడితే 'టు' ఉండదు, అర్థం కూడా కటువవుతుంది. 'ఐ మేడ్ హిమ్ సైన్' అంటే మెడలు వంచి పెట్టించినట్టు. 'ఐ గాట్ హిమ్ టు సైన్' అంటే నచ్చచెప్పో, బతిమాలో, వీలు చూసుకునో ఒప్పించినట్టు. ఆఫీసులో పై అధికారి గురించి చెప్పేటప్పుడు ఈ తేడా గుర్తుండటం చాలా అవసరం.

ఎక్కడం, దిగడం, చేరడం

గెట్ తర్వాత చోటు వస్తే కదలిక. 'గెట్ టు ద ఆఫీస్' అంటే ఆఫీసుకు చేరడం. 'హోమ్', 'దేర్', 'హియర్' ముందు మాత్రం 'టు' పెట్టకూడదు. ఇంటికెప్పుడు చేరావు అంటే 'వెన్ డిడ్ యు గెట్ హోమ్?' అంతే.

ఎక్కడం, దిగడం దగ్గర ఒక పాత లెక్క ఉంది. లోపల నిలబడి నాలుగడుగులు నడవగలిగే బస్సు, రైలు, విమానం, ఓడలకు 'గెట్ ఆన్', 'గెట్ ఆఫ్'. వంగి దూరి కూర్చునే కారు, ఆటోలకు 'గెట్ ఇన్', 'గెట్ అవుట్'. పైన ఎక్కి కూర్చునే సైకిలు, మోటారు సైకిలు, గుర్రాలకు మళ్లీ 'ఆన్', 'ఆఫ్'. బస్సు దిగడాన్ని మనదేశంలో 'గెట్ డౌన్' అంటాం. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగేటప్పుడు ఆ మాట అనండి, ఏ తప్పూ లేదు, అది భారతీయ ఇంగ్లిష్. డల్లాస్‌లో మాత్రం 'గెట్ ఆఫ్' అనండి. అక్కడ 'గెట్ డౌన్' అని గట్టిగా అరిస్తే ప్రమాదం వచ్చింది, కిందికి వంగండి అన్న హెచ్చరికగా తీసుకోవచ్చు.

ఇక 'గాట్ టు'. దీనికి రెండు ముఖాలు. 'ఐ గాట్ టు సీ ద తాజ్‌మహల్' అంటే తాజ్‌మహల్ చూసే వీలు చిక్కింది, సంతోషపు మాట. 'ఐ హావ్ గాట్ టు గో' అంటే వెళ్లి తీరాలి. రెండోది గబగబా మాట్లాడేటప్పుడు 'ఐ గాటా గో' అని వినపడుతుంది. అమెరికావాళ్ల నోట 'గెట్ ఇట్' కూడా 'గెడిట్' అవుతుంది, 'గెట్ అవుట్ ఆఫ్' కాస్తా 'గెడౌటా' అవుతుంది. సినిమా చూస్తుంటే ఇవి వేరే పదాలనుకుని నిఘంటువు వెతికేవాళ్లున్నారు. అన్నీ మన గెట్టే.

జంట మాటలు

'గెట్ అలాంగ్', 'గెట్ ఓవర్' లాంటి జంటల పట్టికలు బజారులో దొరికే ప్రతి స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకంలో ఉంటాయి. వాటితో చిక్కేమిటంటే పక్కన రాసే తెలుగు అర్థాలు మనం మాట్లాడని తెలుగులో ఉంటాయి. 'గెట్ అలాంగ్' పక్కన 'సఖ్యతతో మెలగుట' అని రాస్తే ఎవరికి గుర్తుంటుంది? వాళ్లిద్దరికీ పొసగదు అంటాం మనం, 'దే డోంట్ గెట్ అలాంగ్' అంటే అదే. 'గెట్ బై' అంటే ఏదోలా నెట్టుకురావడం. 'గెట్ త్రూ' అంటే గట్టెక్కడం, ఫోన్ విషయంలో లైను కలవడం. 'గెట్ అరౌండ్ టు' అంటే వేరే పనుల మధ్య తీరిక చిక్కడం. 'గెట్ రిడ్ ఆఫ్' వదిలించుకోవడం. 'గెట్ ఓవర్' అంటే దుఃఖం నుంచో జబ్బు నుంచో తేరుకోవడం. 'గెట్ అవే విత్' అంటే తప్పు చేసి కూడా శిక్ష లేకుండా బయటపడటం. 'వాట్ ఆర్ యు గెటింగ్ ఎట్?' అంటే నసగకుండా అసలు సంగతి చెప్పమని, అందులో కొంచెం అనుమానం కూడా ఉంటుంది. ప్రతి జంటకూ మీ ఇంట్లో, మీ ఊళ్లో ఏమంటారో ఆలోచించి ఆ మాటే పక్కన రాసుకోండి. శ్రీకాకుళంలో ఒక మాట, కరీంనగర్‌లో ఒక మాట ఉంటే రెండూ సరైనవే. మీకు దుఃఖం వచ్చినప్పుడు, ఇబ్బంది వచ్చినప్పుడు నోట వచ్చే మాటకు అతికిస్తేనే కొత్త మాట నిలుస్తుంది.

కొన్నిసార్లు పక్కమాట కూడా సాయం చేయదు, సందర్భమే అర్థం చెప్తుంది. 'ఐ విల్ గెట్ ఇట్' అన్న ఒక్క వాక్యం ఉంది. కాలింగ్ బెల్ మోగినప్పుడు అంటే నేను వెళ్లి తలుపు తీస్తానని. ఫోన్ మోగినప్పుడు అంటే నేను ఎత్తుతానని. హోటల్లో బిల్లు వచ్చినప్పుడు అంటే డబ్బులు నేనిస్తానని. విదేశాల్లో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఈ మూడో దానికి జవాబుగా 'థాంక్యూ' అనడం తెలిసి ఉండాలి. 'కెన్ ఐ గెట్ యు సమ్ వాటర్?' అని ఎవరైనా అడిగితే మంచినీళ్లు తెచ్చివ్వనా అని మర్యాదగా అడుగుతున్నారన్నమాట.

రాసేటప్పుడు

గెట్ వాడటం సోమరితనమని ఎర్ర సిరాతో కొట్టేసే టీచర్లు మన దగ్గరా ఉన్నారు, ఇంగ్లండ్‌లోనూ ఉండేవాళ్లు. మాట్లాడే భాషకు ఆ అభ్యంతరం వర్తించదు. వెయ్యేళ్ల కింద ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడిన వైకింగుల నార్స్ భాష నుంచి వచ్చిన మాట ఇది. 'టేక్', 'దే', 'ఎగ్', 'స్కై' కూడా ఆ దారినే వచ్చాయి. ఫర్‌గెట్‌లోని గెట్ దానికి దగ్గరి చుట్టం, పాత ఇంగ్లిష్‌లో అంతకుముందే ఉంది. ఇంత పాత మాటను తక్కువగా చూడాల్సిన పని లేదు.

అమెరికాలో 'గాటెన్' వింటే తప్పనుకోకండి. ఇంగ్లండ్ నుంచి వలస వెళ్లినవాళ్లు తీసుకెళ్లిన పాత రూపమది. ఇంగ్లండ్‌లో అది వాడుకలోంచి పోయింది, అమెరికాలో నిలిచింది. అక్కడ 'ఐ హావ్ గాట్ ఎ కార్' అంటే కారుందని, 'ఐ హావ్ గాటెన్ ఎ కార్' అంటే కారు సంపాదించుకున్నానని. మీరు వాడనక్కర్లేదు, వింటే చాలు.

అయితే కాగితం మీద లెక్క వేరు. దరఖాస్తులో, ఆఫీసుకు రాసే ఉత్తరంలో, పరిశోధన వ్యాసంలో 'ఐ గాట్ యువర్ లెటర్' బదులు 'ఐ రిసీవ్డ్ యువర్ లెటర్' రాయండి. బయోడేటాలో 'గాట్ ఫస్ట్ ప్రైజ్' బదులు 'వన్ ఫస్ట్ ప్రైజ్'. మీరు స్కూల్లో కష్టపడి నేర్చుకున్న పెద్ద పదాలకు చోటు అక్కడుంది. స్నేహితుడితో మాత్రం 'ఐ ఆబ్టెయిన్డ్ ఎ కాఫీ' అనకండి.

ఇప్పుడు సాధన. ఒక నోటుపుస్తకం తీసుకోండి. రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగింది తెలుగులో నాలుగైదు వాక్యాలు రాయండి. మీరు నిజంగా మాట్లాడే తెలుగులో, ఉన్నది ఉన్నట్టు. ఉదాహరణకు: 'పొద్దున ఆరింటికి లేచాను. బస్సు ఎక్కుతుంటే వాన మొదలైంది, తడిసిపోయాను. ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి ఆఫీసుకు పదింటికి చేరాను. మధ్యాహ్నం మేనేజర్ చేత సెలవు కాగితం మీద సంతకం పెట్టించాను. సాయంత్రం చెప్పులు కుట్టించుకుని ఎనిమిదింటికి ఇంటికి చేరాను.'

దీన్ని ఇంగ్లిష్‌లో ఇలా చెప్పవచ్చు: 'ఐ గాట్ అప్ ఎట్ సిక్స్. ఇట్ స్టార్టెడ్ రెయినింగ్ యాజ్ ఐ వాజ్ గెటింగ్ ఆన్ ద బస్, అండ్ ఐ గాట్ వెట్. వి గాట్ స్టక్ ఇన్ ట్రాఫిక్, అండ్ ఐ గాట్ టు ద ఆఫీస్ ఎట్ టెన్. ఇన్ ది ఆఫ్టర్‌నూన్ ఐ గాట్ ద మేనేజర్ టు సైన్ మై లీవ్ ఫామ్. ఇన్ ది ఈవెనింగ్ ఐ గాట్ మై శాండల్స్ మెండెడ్ అండ్ గాట్ హోమ్ ఎట్ ఎయిట్.'

ఒక సామాన్యుడి రోజంతా దాదాపు ఒక్క క్రియతో నడిచింది. మాట్లాడేటప్పుడు ఇంత దట్టంగా గెట్ రాదు, మధ్యమధ్యలో వేరే క్రియలు వస్తాయి. సాధన కోసం కావాలనే కూర్చాను. మీ వాక్యాలు రాశాక ప్రతి గెట్ పక్కమాట కింద గీత గీయండి: అది వస్తువా, స్థితా, వస్తువూ దానికి జరిగిన పనీనా, చోటా? తర్వాత పైకి చదవండి. మనసులో చదివితే చెవికి అలవాటు కాదు. ఇంట్లోవాళ్లు నవ్వుతారేమో అని సిగ్గుపడేవాళ్లు మేడ మీదికెళ్లి చదువుకోండి, కానీ గొంతు బయటికి రానివ్వండి.

ఎదుటివాళ్లు 'వి విల్ గెట్ బ్యాక్ టు యు' అన్నప్పుడు ఇక బయటికొచ్చి ఎవర్నీ అడగాల్సిన పని లేదు. అక్కడే నవ్వుతూ 'వెన్ కెన్ ఐ ఎక్స్‌పెక్ట్ టు హియర్ ఫ్రమ్ యు?' అని అడగండి. వాళ్లు తేదీ చెప్తారు, చెప్పకపోయినా మీరు శ్రద్ధగా ఉన్నారని తెలుసుకుంటారు. ఈ రాత్రి నుంచే నోటుపుస్తకం మొదలుపెట్టండి. వచ్చే అధ్యాయంలో 'టేక్' పని పడదాం, అప్పటికి ఇందులో కనీసం పది పేజీలు నిండి ఉండాలి.